కట్టమీద కురుమూర్తి ఫోటో

పదకొండేళ్లుగా తాను చేస్తున్న పనిని పట్నంవాళ్లు ఆట అంటారని కురుమూర్తికి ముప్పై తొమ్మిదో ఏట తెలిసింది. ముందు ఈదాలి. ఒడ్డెక్కి సైకిలు తొక్కాలి. సైకిలు దిగి పరుగెత్తాలి. మధ్యలో ఎక్కడా కూర్చోకూడదు. దాన్ని ట్రయథ్లాన్ అంటారట. పెబ్బేరు బస్టాండు గోడకు అంటించిన పోస్టరు చదివి అతను తనలో తాను నవ్వుకున్నాడు. షట్టరుకు చెత్త అడ్డం పడితే నీళ్లలో దూకడం, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కట్టమీద సైకిలు తొక్కడం, సైకిలు పోని చోట పరుగెత్తడం అతనికి రోజూ ఉన్నదే. ఏ రోజూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అతను కాలువ లస్కరు. అంటే కాలువకు కాపలా మనిషి. పెద్ద కాలువ నుంచి చీలే పిల్ల కాలువలకు మావైపు పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. కురుమూర్తిది పదకొండు. రిజర్వాయరు దగ్గర మొదలై, జొన్న చేలూ పల్లీ చేలూ దాటుకుంటూ పద్నాలుగు కిలోమీటర్లు పోయి, రాళ్లగుంట అనే చిన్న ఊరి కుంటలో పడుతుంది. ఏ తూము ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి, కట్టకు ఎక్కడ బొక్క పడింది, దొంగతనంగా పైపు ఎవడు దించాడు, అన్నీ అతని మీదే. బాధ్యత అంతా ఉంది, ఉద్యోగం మాత్రం లేదు. కాంట్రాక్టరు కింద మనిషి. ఆఫీసు రిజిస్టరులో అతని పేరు రాసే గడి కూడా లేదు, ‘లేబర్ నాలుగు’ అని ఉంటుంది. ఈ పదకొండేళ్లలో ఏఈ సార్లు, అంటే కాలువ చూసే ఇంజనీర్లు, ఆరుగురు మారారు. వాళ్లలో ముగ్గురు బదిలీ అయిపోయేదాకా అతన్ని ‘ఏయ్, పదకొండు’ అనే పిలిచారు.

అయినా అతనికొక పొగరుంది. ఏ కాలువ మీదైనా మొదట్లో ఉన్నవాడికి నీళ్లు, చివర ఉన్నవాడికి బురద. మోటరున్నవాడు మోటరు దించుతాడు, పలుకుబడి ఉన్నవాడు ఫోను చేస్తాడు. పదకొండు మీద ఆ ఆటలు సాగవు. కురుమూర్తి వచ్చినప్పటి నుంచి, నీళ్లు విడిచిన ప్రతిసారీ అవి రాళ్లగుంటకు చేరాయి. ఒక్కసారి కూడా తప్పలేదు. అక్క ఊరు కాబట్టి అంత ఆరాటం అని గిట్టనివాళ్లు అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

అక్క పేరు జములమ్మ. అతనికి ఆరేళ్లున్నప్పుడు తల్లి పోతే, పెళ్లయి ఏడాది తిరగని అక్క తమ్ముణ్ని వెంటబెట్టుకుని అత్తగారింటికి పోయింది. అత్త సణిగింది, మొగుడు మొహం మాడ్చుకున్నాడు. ఆమె లెక్కచేయలేదు. కురుమూర్తి ఈత నేర్చుకున్నది రాళ్లగుంట కుంటలోనే, అక్క బర్రెల తోకలు పట్టుకుని. ఇప్పుడు ఆమెకు మొగుడు లేడు, బిడ్డను నాగర్‌కర్నూలులో ఇచ్చింది. మిగిలినవి రెండు బర్రెలు. ఆ ఊళ్లో మనుషులకైతే మూడు రోజులకోసారి నల్లా వస్తుంది. పశువులకు కుంటే దిక్కు. అందుకే కాలువ నీళ్లు వచ్చే రోజు కుంట తూము దగ్గర, మొదటి నీళ్లకు పసుపు కుంకుమ వేసి టెంకాయ కొడతారు. ఒక చిప్ప లస్కరు చేతిలో పెడతారు. పదకొండేళ్లుగా ఆ టెంకాయ కొట్టేది జములమ్మే. చిప్ప అందిస్తూ ప్రతిసారీ ఒకే మాట అంటుంది. "నువ్వున్నవు గన్క ఒచ్చినయిరా తమ్మీ."

పోస్టరు కింది వరసలో స్థానికులకు వేరే విభాగం, గెలిచినవాళ్లకు కప్పు అని ఉంది. కురుమూర్తి వనపర్తి పోయి పేరిచ్చాడు. అక్కడ కూర్చున్న అమ్మాయి కంప్యూటరులో ఏదో కొట్టి, గుడ్డలా మెత్తగా ఉన్న కాగితం ఒకటి చేతిలో పెట్టింది. దాని మీద నలభై ఏడు అనే అంకె, ఆ అంకె కింద పెద్దక్షరాలతో ‘మేకల కురుమూర్తి’ అని ఉంది. బస్సులో దాన్ని నాలుగుసార్లు మడిచి నాలుగుసార్లు విప్పాడు. ఇంటికొచ్చి భార్య ఉమారాణికి చూపించాడు.

"గీ కాగితానికే గంత సంబురమా?" అంది ఉమారాణి.

"నా పేరు అచ్చుల ఎప్పుడన్న సూసినవా?"

"మన లగ్గం కార్డుల సూసిన."

"అండ్ల గుడ తప్పే కొట్టిండు వాడు."

ఉమారాణికి నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. మర్నాటి నుంచి పొద్దున్నే జొన్న అంబలి కాచి సీసాలో పోసి ఇవ్వడం మొదలుపెట్టింది. అతను డ్యూటీనే పందెంలా చేయసాగాడు. కాలువలో నీళ్లున్నన్నాళ్లు తూము నుంచి తూముకు ఈదడం, కిలోమీటరు రాయి నుంచి రాయికి సైకిలు తొక్కడం. గట్ల మీద పనిచేసుకునే ఆడవాళ్లు చూసి, కురుమూర్తికి గాలి సోకిందని నవ్వుకునేవాళ్లు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా తారీఖు దగ్గరొచ్చింది. ఆ ఎండాకాలం మరీ మాడ్చేసింది, రిజర్వాయరు అడుగంటుతోంది. పశువుల కుంటలు నింపడానికి నాలుగంటే నాలుగు రోజులు నీళ్లు వదులుతామని ఆఫీసులో నిర్ణయించారు. గురువారం ఎత్తిన షట్టరు ఆదివారం సాయంత్రం దించేస్తారు. మళ్లీ వానలు పడేదాకా లేవదు. వంతుల ప్రకారం ముందు పై ఊళ్లు, చిట్టచివర ఆదివారం నాడు రాళ్లగుంట. పందెం కూడా ఆదివారమే.

కురుమూర్తి ఏఈ సారు దగ్గరికి పోయి విషయం చెప్పాడు.

"ఆదివారం కట్ట ఎవరు చూస్తరు?" అన్నాడు సారు, ఫోను మీదినుంచి తల ఎత్తకుండా.

"నేనే సూస్త సార్. సైకిల్ పందెం మన పదకొండు కట్టమీదనే పెట్టిండ్రు. పది కిలోమీటర్లు పోవుడు, పది కిలోమీటర్లు ఒచ్చుడు. పొద్దుగాల ఒక్కసారి తిరిగేటోన్ని ఆ రోజు రెండుసార్లు తిరిగినట్టయితది."

సారు నవ్వాడు. సరే అనలేదు, వద్దు అనలేదు. పెద్దవాళ్ల పద్ధతే అంత, రేపు ఏదైనా జరిగితే మాట తమ మీదికి రాకూడదు. కురుమూర్తి అక్కకు కూడా ఫోను చేసి అదే చెప్పాడు. "కట్టమీదనే ఉంట అక్కా. నువ్వు టెంకాయ తెచ్చి పెట్టుకో." పందెంలో ఉన్నవాడు కట్టమీద ఉన్నా లేనట్టేనని అతనికి తట్టలేదు. కట్ట మీదే బతుకు గడిపేవాడు తప్ప ఇంకొకడెవడూ అలాంటి పొరపాటు చేయడు.

ఆరో కిలోమీటరు రాయి దగ్గర కట్ట వదులుగా ఉందని అతనికి ముందే తెలుసు. ఎండ్రకాయలు బొక్కలు చేశాయి. సిమెంటు వేయించమని ఆఫీసులో రెండుసార్లు చెప్పాడు. వానాకాలం ముందు చూద్దామన్నారు. అందుకని అతనే ఒక పార, రెండు ఖాళీ సంచులు సైకిలు క్యారేజీకి కట్టుకుని తిరిగేవాడు. శనివారం సాయంత్రం సైకిలు తుడిచి, నూనె పోసి, బరువెందుకని ఆ పారనూ సంచులనూ విప్పి గోడకు ఆనించాడు.

"పార ఇడిసిపెట్టి పోతవా?" అని అడిగింది ఉమారాణి.

"రేపు ఒక్కనాడే గద," అన్నాడు.

పోస్టరులో పొద్దున ఐదున్నర అని ఉంది. ఎండ ముదరకముందే అంతా అయిపోవాలని లెక్క. రిజర్వాయరు ఒడ్డున జెండా ఊపాల్సిన నాయకుడు మాత్రం ఎనిమిదింటికి వచ్చాడు. వచ్చి ఊపి పోయినా బాగుండేది. గొడుగు కింద నిలబడి ఆరోగ్యం గురించి అరగంట మాట్లాడాడు. వినేవాళ్లకు గొడుగుల్లేవు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు ఒంటికి తెల్లటి మలాము పూసుకుని, చిన్న చిన్న పొట్లాల్లోంచి ఏదో జిగురు నోట్లో పిండుకుంటూ నిలబడ్డారు. వాళ్ల సైకిళ్లను ఒక్క చేత్తో లేపొచ్చు. కురుమూర్తి సైకిలును లేపాలంటే ఇద్దరు పట్టాలి. స్థానికులు పద్దెనిమిది మంది. వాళ్లలో గట్టివాడు సాయితేజ, వ్యాయామ టీచరు కోర్సు చదువుతున్న వనపర్తి కుర్రాడు. ఎర్ర బనియను వేసుకుని మోకాళ్లు గుండెల దాకా లేపుతూ ఉన్నచోటే దూకుతున్నాడు.

నీళ్లలో కురుమూర్తికి ఎదురులేదు. అతనిది కుంట ఈత. తల నీళ్ల మీదుంటుంది, కళ్లు ఒడ్డు మీదుంటాయి. పట్నంవాళ్లు మొహాలు ముంచి ఈదుతూ దారి తప్పి, ఒకరినొకరు తన్నుకుంటుంటే అతను పక్కనుంచి తిన్నగా పోయి ఒడ్డెక్కాడు. మొత్తంలో మూడోవాడు, స్థానికుల్లో మొదటివాడు. మైకులో ఎవరో "నలభై ఏడు, మేకల కురుమూర్తి!" అని అరిచారు. ఆ అరుపు విని అతని తడి ఒళ్లు జలదరించింది. గుంపులో ఉమారాణి చేతులెత్తి చప్పట్లు కొడుతోంది.

సైకిలెక్కేసరికి తొమ్మిదైంది. కట్టమీద ఉన్నది మొరం రోడ్డు. సన్నటి టైర్ల సైకిళ్లు ఆ మొరంలో జారుతున్నాయి, ఒకటి రెండు పంక్చరై పక్కకు పడ్డాయి. కురుమూర్తి బండ సైకిలు మాత్రం తన దారిలో తాను పోతోంది. ఎదురుగాలి పొయ్యి మీది ఆవిరిలా మొహానికి కొడుతోంది. కుడిపక్కన కాలువలో నీళ్లు నిండుగా, నిమ్మళంగా రాళ్లగుంట వైపు పోతున్నాయి. వాటి వెంట పోతున్నంతసేపూ అతనికి సంతోషంగానే ఉంది.

ఆరో రాయి దగ్గర కట్ట బయటి వాలులో చెమ్మ కనిపించింది. అక్కడ చెమ్మ ఎప్పుడూ ఉండేదే. దాని కింద చిటికెనవేలంత ధార మాత్రం కొత్తది. లస్కరు ముందు చూసేది ధార లావు కాదు, రంగు. తేట నీళ్లు కారితే కట్ట చెమరుస్తున్నట్టు. ఎర్ర నీళ్లు కారితే లోపల మట్టి కోసుకుపోతున్నట్టు. ధార ఎర్రగా ఉంది.

కాళ్లు వాటంతట అవే ఆగాయి. పది నిమిషాల పని. నీళ్ల వైపు దిగి బొక్క వెతికి పట్టుకుని, తంగెడు మండలు కుక్కి, మట్టి నింపిన సంచి అడ్డం వేస్తే అయిపోతుంది. చేయి అలవాటుగా వెనక్కి పోయి క్యారేజీని తడిమింది. ఖాళీ. తల తిప్పి చూస్తే అర కిలోమీటరు వెనకాల ఎర్ర బనియను కనిపించింది. పార లేకుండా చేతులతో తవ్వాలంటే పది నిమిషాలు ఇరవై అవుతాయి. ‘నాలుగు కిలోమీటర్లు పోయి ఒచ్చేటప్పటికి ఏమైతది, ఒచ్చేటప్పుడు సూద్దాం’ అనుకున్నాడు. ఆఫీసువాళ్లు చూద్దామన్న ప్రతిసారీ వాళ్లను లోలోపల తిట్టుకున్న మనిషి, అదే మాట అనుకుని పెడలు తొక్కాడు.

పదో రాయి దగ్గర మలుపు తిరిగేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. పట్నం మనిషి ఒకాయన తుమ్మచెట్టు నీడలో సైకిలు పడేసి కక్కుకుంటున్నాడు. వాలంటీరు ఒకమ్మాయి నెత్తి మీద నీళ్లు గుమ్మరిస్తే, మెడ దాకా దిగేలోపే అవి వేడెక్కిపోయాయి. సాయితేజ దగ్గరికొచ్చేశాడు. వెనక మొరం మీద చక్రం రాపిడి వినిపిస్తోంది.

మళ్లీ ఆరో రాయి వచ్చింది. ఆ పద్నాలుగు కిలోమీటర్ల కట్టలో పచ్చగడ్డి ఉన్నది అక్కడొక్కచోటే. నెలల తరబడి కట్ట చెమరుస్తున్న చోట గడ్డి మొలవక ఏం మొలుస్తుంది? ఆ పచ్చదనం చూసి, ఫోటో బాగా వస్తుందని, పత్రిక ఫోటోగ్రాఫరు ఒకతను రోడ్డు అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు. అవతల వాలులో ధార ఇప్పుడు పిడికిలంత లావైంది. ఇటుక పొడి కలిపినట్టు చిక్కగా కారుతోంది.

"అన్నా, ఇటు! ఇటు చూడన్నా!" అని అరిచాడు ఫోటోగ్రాఫరు.

కురుమూర్తి అటు చూడలేదు. అతని తల ధార వైపు తిరిగిపోయింది. కెమెరా టకటకమంది.

నిజానికి సైకిలు దిగాల్సిన పని కూడా లేదు. రెండు కిలోమీటర్లకొక వాలంటీరు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ‘కట్ట కారుతున్నది, షట్టర్ దించమను’ అని ఒక్క కేక వేస్తే చాలు. ఆ కేక గొంతు దాకా వచ్చింది కూడా. చెప్తే ఏమంటారు? లస్కరువి నువ్వే గదా, దిగి చూడు అంటారు. అతను నోరు మూసుకున్నాడు. అదే క్షణంలో సాయితేజ పక్కనుంచి దూసుకుపోయాడు. ఆ కుర్రాడి వీపు మీది అంకె తప్ప కురుమూర్తికి ఇంకేమీ కనిపించకుండా పోయింది. మిగిలిన ఆరు కిలోమీటర్లలో ముగ్గురు వాలంటీర్లను దాటాడు, ఒక్కరితోనూ మాట్లాడలేదు.

ఐదు కిలోమీటర్ల పరుగు రిజర్వాయరు పక్కన తారురోడ్డు మీద. అప్పటికి ఎండ నలభై మూడుందని ఎవరో అన్నారు. తారు మెత్తబడి బూట్లకు అంటుకుంటోంది. మొదటి రెండు కిలోమీటర్లు ఆ ఎర్ర ధార కళ్ల ముందే కారింది. మూడోదాంట్లో అది కూడా పోయింది. ఎండ మనిషిని అలా ఖాళీ చేసేస్తుంది, ఒక కాలు ముందు ఇంకో కాలు వేయడం తప్ప ఏమీ మిగలనివ్వదు. నాలుగో కిలోమీటరు దగ్గర సాయితేజ పిక్క పట్టేసి రోడ్డు పక్కన కూలబడి ఉన్నాడు. "అన్నా, జర చెయ్యియ్యవా," అన్నాడు. కురుమూర్తి దాటిపోయాడు. చూసి కూడా ఆగకపోవడం ఆ పూట అతనికి అలవాటైపోయింది.

స్థానికుల్లో మొదటివాడు అతనే. మెడలో పతకం వేసి, చేతిలో కప్పు పెట్టి, మైకులో మళ్లీ పేరు చదివారు. చప్పట్లు మోగుతుంటే ఉమారాణి వేదిక మెట్ల దగ్గరికొచ్చి ఫోను పైకెత్తి చూపించింది. ఫోనులో శంకరయ్య, పై కాలువ లస్కరు.

"ఏడున్నవురా? ఆరో రాయి కాడ గండి పడ్డది! పది అడుగులు తెగింది. కట్టమీదనే ఉంటనంటివి గదరా నువ్వు!"

పతకం మెడలోనే వేలాడుతుంటే సైకిలు తొక్కాడు. అతను పోయేసరికి శంకరయ్య షట్టరు దించేశాడు, అయినా కాలువలో ఉన్న నీళ్లు ఇంకా గండిలోంచి పోతూనే ఉన్నాయి. అవతల ఉన్నది బీడు. ఎవరి చేనూ కాదు, ఎవరి కుంటా కాదు. పగుళ్లిచ్చిన ఎర్రమట్టి గుటగుటా తాగేస్తోంది. జేసీబీ వచ్చి గండి పూడ్చేసరికి సాయంత్రమైంది. నాలుగు రోజుల గడువు అయిపోయిందని ఆఫీసు ఫోను చేసి చెప్పింది. రిజర్వాయరులో మట్టం తగ్గింది, మళ్లీ విడవడం కుదరదంది.

మధ్యలో అక్క ఫోను చేసింది. పొద్దుటి నుంచి ఆమె పసుపు కుంకుమ, టెంకాయ పెట్టుకుని తూము దగ్గరే కూర్చుంది.

"నీళ్లు ఇంక రాలేదురా తమ్మీ. బర్రెలు గుడ ఒచ్చి నిలబడ్డయి."

"గండి పడ్డదక్కా."

"అయ్యో. నువ్వు కట్టమీదనే ఉంటివి గద, నీకేం కాలే గద?"

"కాలే."

"మరి నువ్వు పోయినప్పుడు కారుతలేకుండెనా?"

కురుమూర్తి మెడలోని పతకాన్ని పిడికిట్లో పట్టుకున్నాడు. "లేకుండె అక్కా. నేను పోయినంక తెగింది."

"పోనీలే. నీ కంట పడుంటే తెగనిస్తువా," అంది జములమ్మ.

సోమవారం పత్రికలో జిల్లా పేజీలో సగం పేజీ ఫోటో వచ్చింది. కింద ‘ఎండను జయించిన మేకల కురుమూర్తి’ అని అచ్చేశారు. ఉమారాణి రెండు కాపీలు తెచ్చింది. అతను చాప మీద పేపరు పరుచుకుని తన పేరును వేలితో తడిమాడు. ఒక్క తప్పు లేదు. ఆ సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. ఫోటోలో అతని భుజం వెనకాల కట్ట వాలు మీదుగా ఎర్ర ధార స్పష్టంగా ఉంది. అతని మొహం కెమెరా వైపు లేదు. నోరు సగం తెరిచి, కళ్లు పెద్దవి చేసి ఆ ధార వైపే చూస్తున్నాడు. చూడలేదని ఇక ఏ దేవుడి ముందూ ప్రమాణం చేయడానికి లేదు.

మంగళవారం ఏఈ సారు బల్ల మీద అదే పేపరు ఉంది.

"ఏంది కురుమూర్తి ఇది?" అన్నాడు. ఆ సారు అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"ఆడ సిమెంటెయ్యాలని రెండుసార్లు చెప్పిన సార్."

"రాసిచ్చినవా?"

"నోటితోని చెప్పిన."

"నీ మాటకు రుజువు లేదు. దీనికి ఫోటో ఉన్నది." సారు పేపరు మడిచి ఫైలులో పెట్టాడు. "నేనేం చెయ్యాలె చెప్పు. పైనుంచి పేరడుగుతున్నరు."

బుధవారం కాగితం వచ్చింది. విధుల్లో తీవ్ర నిర్లక్ష్యం, కట్ట కారడం చూసి కూడా తెలియజేయకపోవడం, రేపటి నుంచి రానక్కరలేదు. పైన ‘మేకల కురుమూర్తి, కాలువ లస్కరు’ అని ఉంది. పదకొండేళ్లలో ఆఫీసు అతని పేరు రాసిన మొదటి కాగితం అది. లేబర్ నాలుగును తీసేయాలంటే మాత్రం పేరు కావలసివచ్చింది. నెలల తరబడి చెమరుస్తున్న కట్ట గురించి, వేయని సిమెంటు గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఒళ్లు మండే సంగతి అది. అయితే కురుమూర్తి ఎవరితోనూ కొట్లాడలేదు. శంకరయ్య యూనియన్ దగ్గరికి పోదాం రమ్మంటే, "రాసింది అబద్ధమైతే పోదుం," అన్నాడు.

శనివారం సాయంత్రం శంకరయ్యే ఇంటికొచ్చి ఇంకో మాట చెప్పాడు. పెబ్బేరు సంతలో జములమ్మ కనిపించిందట. పాడి బర్రెను అమ్మేసి, ఉత్త పలుపు భుజాన వేసుకుని బస్సెక్కిందట.

ఆదివారం కురుమూర్తి రాళ్లగుంట పోయాడు. కుంట అడుగంతా నెర్రెలు వాసింది. అక్క దొడ్లో ఒక గుంజకు బర్రె ఉంది, పక్క గుంజ ఖాళీగా ఉంది. జములమ్మ గడపలో కూర్చుని ఉంది. లోపల ఎదురుగోడకు ఆ ఫోటో అతికించి ఉంది. దాని కింద గూట్లో పసుపు పూసిన టెంకాయ, కొట్టకుండా అలాగే ఉంది.

"సోమారం నాడే వెంకటన్న దుకాణంల పేపరు అడుక్కొచ్చి అంబలితోని అంటిచ్చిన," అంది ఆమె. "మా తమ్ముడు ఫస్టొచ్చిండని వాడకట్టంత తిరిగి చెప్పొచ్చిన."

"బర్రెను అమ్మినవంట."

"ఏం తాపియ్యాలె? టాంకరు నీళ్లు ఒకదానికి సాలుతయి, రెండింటికి సాలవు. కొన్నోల్లకు బోరున్నదంట. బతుకుతది."

"అక్కా, ఆ రోజు..."

"నాకు సదువు రాదురా. పేపర్ల ఏం రాసిండ్రో తెల్వదు." జములమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, గోడ దగ్గరికి పోయింది. "కాని దినాం దీని ముంగటనే కూసుంటున్న గద." ఆమె వేలు తమ్ముడి మొహం మీద ఆగలేదు. భుజం దాటి, వెనకాల ధార మీద ఆగింది. "ఇది ఆరో రాయి. నీకు సద్ది తెచ్చేదాన్ని ఆడికే. నీళ్లు ఎర్రగ ఒస్తున్నయి. నీ మొకం గిటే తిరిగి ఉన్నది."

కురుమూర్తి గడప అవతలి నుంచే ఫోటో వైపు చూశాడు.

"సూసినవు," అంది జములమ్మ.

"సూసిన."

ఆమె తిట్టి ఉంటే అతనికి బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. ఆమె ఫోటో అంచు ఊడిన చోట బొటనవేలితో అదిమింది. "రెండుసార్లు లేసిన, చింపేద్దామని. నీ పేరున్నదని చెప్పిండ్రు గద. చింపబుద్ధి కాలే."

తర్వాత ఆమె లోపలికి పోయింది. బిందె మీది పళ్లెం తీసిన చప్పుడైంది. చెంబు నింపడానికి బిందెను ఎంత వంచారో చూసి, అందులో నీళ్లెంత ఉన్నాయో చెప్పగలడు లస్కరు. జములమ్మ బిందెను దాదాపు బోర్లించింది.

"తాగు," అంది చెంబు చేతికిస్తూ. "ఎండల పడి ఒచ్చినవు."

దొడ్లో బర్రె మెడ చాపి చెంబు వైపే చూస్తోంది. అక్క చూస్తూ నిలబడితే, ఒక్క చుక్క కింద పడకుండా చెంబెడు నీళ్లూ తాగాడు.